మొగలో పారబోసిన మంచినీళ్ళు

మా మేడమీద అద్దెకుండే అమ్మాయి నిన్న కాలేజీవాళ్ళతో బస్సులో వెళ్ళి, తాబేలు పిల్లల్ని సముద్రంలో వదిలి వచ్చి, "ఆంటీ, మీరెప్పుడైనా సముద్రం చూశారా?" అని అడిగింది. చూశానమ్మా అని, ఎలా చూశానో చెప్పడానికి పక్కన కూర్చోబెట్టుకున్నాను.

డెబ్భైల నాటి మాట. బడికి పంపకుండా అమ్మే ఇంట్లో చదువు చెప్పిన నన్ను, మా గవర్నర్‌పేట దాటితే దారి తెలియని నన్ను, కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే మా చిన్నాన్న తెరచాప పడవలో సముద్రం దగ్గరి లంకలకు తీసుకువెళ్ళారు. అక్కడి తీరాన తాబేళ్ళు పెట్టే గుడ్లను నక్కలు తవ్వుకుపోతుంటే, వాటిని ఏరి, ఊరి పక్కన కంచె కట్టి కాపాడాలని ఆయన తాపత్రయం. లంక ఆడవాళ్ళతో మాట్లాడటానికి ఒక ఆడమనిషి కావాలి. జీతం భత్యం లేని ఆ పనికి నేను దొరికాను.

మేము వెళ్ళిన లంకలో ఎక్కడ తవ్వినా ఉప్పునీరే. అందుకని బయటికి వెళ్ళిన ప్రతి పడవా నదికి ఎగువనున్న నాగాయలంక నుంచి మంచినీళ్ళు నింపుకుని రావాలన్నది అక్కడి కట్టుబాటు. ఆ రోజు మా పడవలో ఊరంతా తాగే నీళ్ళు కుండల్లో ఉన్నాయి. దారిలో ఇసుకదిబ్బ మీద ఏరిన గుడ్లు, తడి ఇసుక నింపిన బుట్టల్లో వాటి పక్కనే ఉన్నాయి.

నది సముద్రంలో కలిసే మొగలోకి వచ్చేసరికి గాలి ఒక్కసారిగా అడ్డం తిరిగింది. తెరచాప దించేలోగానే పడవ ఒరిగి, మోకాళ్ళదాకా నీళ్ళొచ్చాయి. రోజూ చదువుకునే కీర్తన ఒక్క ముక్కా గుర్తుకు రాలేదు. ప్రభువా, ప్రభువా అనడమొక్కటే. చుక్కాని పట్టుకున్న సరంగు బరువు తగ్గించమన్నాడు. అంత ఇష్టపడి ఏరించిన చిన్నాన్నే, ముఖం పాలిపోయి, బుట్టలు పడేయమన్నారు. నేను ఒకటి ఎత్తాను కూడా. మాతోపాటు పడవలో ఉన్న సరంగు భార్య నా చెయ్యి పట్టుకుంది.

"తల్లి దగ్గర లేని బిడ్డలండీ అయ్యి. నీళ్ళంటారా, రేపు తెచ్చుకుంటాం."

"ఊళ్ళో ఏం సెబుతావే?" అన్నాడు సరంగు.

"నువ్వు సెప్పు. నీ నోరే కదా పెద్దది," అంటూనే ఆవిడ కుండ వంచింది. నాకేసి తిరిగి, "అమ్మాయిగోరూ, అలకేసి సూడమాకండి. కుండ సూసుకోండి," అంది.

అలా ఒక్కొక్క కుండే ఒంపేసి, ఆ ఖాళీ కుండలతోనే పడవలోని నీళ్ళు తోడుతూ, ఏడుస్తూ మొగ దాటాం. ఒడ్డు కనబడగానే మరో భయం పట్టుకుంది, నీళ్ళు లేకుండా వచ్చిన మమ్మల్ని ఊరు ఏమంటుందోనని. బిందెలతో రేవులో నిలబడ్డ ఆడవాళ్ళు ఖాళీ కుండలు చూశారు, బుట్టలు చూశారు. బిందెలు పక్కన పెట్టి, బుట్టలు దింపడానికి చేతులందించారు. ఒక ముసలమ్మ ఇంట్లోకి వెళ్ళి, కుండ అడుగున మిగిలిన నీళ్ళు చెంబులో పట్టుకొచ్చి, నాకే ముందిచ్చింది. కళ్ళు మూసుకుని, దేవుడికి చెప్పుకుని, ఒక్క గుక్క తాగి చిన్నాన్నకిచ్చాను. ఆ గుడ్లు చాలావరకు పిల్లలయ్యాయని ఆయన తర్వాత చెప్పారు.

మా ఇంట్లో నీళ్ళు తాగేముందు కళ్ళు మూసుకునేది ఇప్పుడు నేనొక్కదాన్నే. పిల్లలు చూసి నవ్వుకుంటారు. దాహమంటే తెలియకుండా వాళ్ళు పెరిగినందుకు దేవుడికి స్తోత్రం. అయినా, ఎవరో సగం తాగి మిగతాది సింకులో పారబోసిన చప్పుడు వినిపిస్తే, గ్లాసు పట్టుకుని మరోసారి కళ్ళు మూసుకుంటాను.