తారావళికి ఒడిబియ్యం

ఆ రోజుల్లో నాకు చదవడమంటే ప్రాణం, మాట్లాడడమంటే ప్రాణసంకటం. చుట్టాలు వస్తే వడ్ల గుమ్మి వెనక నక్కేదాన్ని. కల్వకుర్తిలోని చిన్న గ్రంథాలయం నుంచి మూడేళ్లు పుస్తకాలు తెచ్చుకున్నాను గాని, అక్కడి సారుతో ఒక్క మాట మాట్లాడిన పాపాన పోలేదు. కావలసిన పుస్తకం పేరు చీటీ మీద రాసి బల్ల మీద పెట్టేదాన్ని. అట్లా తెచ్చుకున్నవే ‘మబ్బుకోట’ తొమ్మిది భాగాలు. అందులో రాకుమారి తారావళి, ఆమె ఎక్కి తిరిగే రెక్కల పొట్టేలు. మధ్యాహ్నాలు అవ్వ చింతపండులో గింజలు తీస్తుంటే పక్కన కూర్చుని పైకి చదివేదాన్ని. “గా పొట్టేలుకు మేతెవరేస్తున్నరే?” అని అవ్వ ప్రతి భాగంలోనూ అడిగేది. (తొమ్మిది భాగాలు రాసినాయన ఆ సంగతి ఎక్కడా రాయలేదు.)

మహబూబ్‌నగర్‌లో పంతులమ్మ ట్రైనింగుకు సీటొచ్చి, ఇక వారంలో బయలుదేరాలనగా తొమ్మిదో భాగం అయిపోయింది. చివరి పేజీలో తారావళి పెళ్లి చేసుకుని, పొట్టేలెక్కి, ఏడు మబ్బుల అవతలికి వెళ్లిపోతుంది. పుస్తకం మూశాను.

“మల్ల రాదా?” అంది అవ్వ.

“రాదవ్వా. అయిపోయింది.”

“మరి పోయేటప్పుడు తల్లి ఒడిబియ్యం పోసిందా?”

“రాయలేదవ్వా.”

“గంత దూరం పోయే ఆడివిల్లను ఉత్త ఒడితోటి సాగదోలుతరా? రాసినోనికి బిడ్డలు లేనట్టున్నరు!” అని అవ్వ విసురుగా లేచిపోయింది.

నా బాధ వేరు. ఆ పుస్తకాన్ని వదలబుద్ధి కాలేదు. పోయిందని అబద్ధం చెబుదామనుకున్నాను గాని, అబద్ధం చెప్పాలన్నా నోరు విప్పాలి కదా. మర్నాడు అవ్వ దాన్ని కొత్త రవికె గుడ్డలో మూటకట్టి ఇచ్చింది. దుమ్ము పడకుండా కాబోలనుకుని, మా బాపు తొక్కుతుంటే సైకిల్ వెనక కూర్చుని కల్వకుర్తి పోయాను. సారు ముడి విప్పి పుస్తకం తెరిచాడు. పేజీల మధ్య నుంచి పసుపు బియ్యం జలజలా రాలి రిజిస్టరు నిండా పరుచుకుంది. గుడ్డ మడతల్లోంచి వక్కలు, ఖర్జూరాలు వెనకే వచ్చాయి. ఎండు కొబ్బరి కుడుక ఒకటి బల్ల మీంచి దొర్లి, పేపరు చదువుతున్న పెద్దాయన కాళ్ల దగ్గర ఆగింది. చివరి పేజీ బొమ్మలో తారావళి నుదుట ఎర్రగా కుంకుమబొట్టు.

“ఏందమ్మా ఇది?” అన్నాడు సారు. బాపు వైపు చూశాను. బాపు వాకిట్లో సైకిల్ చైనును చాలా శ్రద్ధగా పరీక్షిస్తున్నాడు.

“ఒడిబియ్యం సార్,” అన్నాను.

“ఎవలకు?”

“తారావళికి.”

గదిలో పేపర్లన్నీ ఒక్కసారి కిందికి దిగాయి. కుడుక ఏరుకుంటూ పెద్దాయన, “మంచిగనే చేసిన్రు. ఆడివిల్లనాయె!” అన్నాడు. సారు నవ్వు ఆపుకుంటూ రూళ్లకర్రతో బియ్యం కుప్ప చేశాడు. “రూలు రూలే. కుంకుమంటిన బుక్కు ఇంకొకరికి ఇయ్యరాదు. ఇది నువ్వే తీస్కపో, కొత్తది తెచ్చియ్యి. అందాక నీ కార్డు బంద్.”

కార్డు పోయిన దుఃఖం కన్నా పుస్తకం దక్కిన సంతోషమే ఎక్కువైంది. (ఆ రోజు డైరీలో: ‘సారుతో మాట్లాడాను. మూడు మాటలు.’) ఆ సంతోషం మా గడప దాకానే.

“ఒడి నింపి పంపిన పిల్లను పొద్దుగూకకముందే మల్ల తోల్కొస్తరా? నలుగురేమనుకుంటరు?” అని అవ్వ రెండు చేతులూ అడ్డం పెట్టింది. మబ్బుకోట రాకుమారి వారం రోజులు మా బర్రెల కొట్టంలో, మూటతో సహా, అటక మీద కాపురం చేసింది.

బయలుదేరే రోజు, “నాకు పొయ్యవా అవ్వా ఒడిబియ్యం?” అన్నాను, ఊరికే.

“పెండ్లిగాని పిల్లకు పొయ్యరాదే,” అంది అవ్వ, తల ఎత్తకుండా. “దానికి పోసిన గద. ఎంబడి తీస్కపో. ఇద్దరు గల్సి వండుకోండ్రి.” అని, ఎప్పుడో గింజలు తీసేసిన చింతపండులో మళ్లీ గింజల కోసం వెతికింది.

హాస్టల్లో ఆ బియ్యం వండుకుని, పక్కమంచాల వాళ్లకూ పెట్టాను. ఏమాటకామాటే, కొంచెం బర్రె వాసన వచ్చింది.

మొదటి జీతంతో కొత్త తొమ్మిదో భాగం కొని సారుకు పంపాను. పార్సిల్ కట్టే ముందు చివరి పేజీ తెరిచాను. తారావళి బోసి నుదురుతో, ఉత్త ఒడితో పొట్టేలెక్కుతోంది. నాలుగు పసుపు బియ్యపు గింజలు వేయబోయి, పంతులమ్మనని గుర్తొచ్చి ఆగిపోయానని డైరీలో రాసుకున్నాను.

డైరీలో అన్నీ నిజాలే రాయాలని ఎక్కడుంది?