ముప్పై ఒక్క గుర్తులు

నా మొదటి డైరీలో చాలా పేజీల మీద ఒకటే మాట ఉంటుంది: "కాలేజీ లేదు." అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం రోజులవి. జనగామలో బంద్ లేని రోజు తక్కువ. మొదట్లో నేనూ ఊరేగింపుల్లో నడిచాను, గొంతు పోయేదాకా అరిచాను. తర్వాత తోటివాళ్లు ఒక్కొక్కరే తమ ఊళ్లకు వెళ్లిపోయారు. నేను మా నాయిన బట్టల దుకాణంలో గజం కర్ర పట్టుకొని కూర్చున్నాను. రాయడానికి ఏమీ లేని రోజున కూడా తారీఖు వేసి ఒక్క మాటైనా రాయడం అప్పుడే అలవాటయింది. ఏడాది వృథా అయిన చదువు మీదికి మనసు మళ్లీ పోలేదు.

రెండేళ్లకు మలేరియా శాఖలో ఉద్యోగం దొరికి మానుకోటకు వెళ్లాను. కాగితాల మీద మహబూబాబాద్ అని రాసేవాళ్లం గానీ నోటితో అందరం మానుకోట అనేవాళ్లం. పదిహేను రోజులకొకసారి ప్రతి ఇంటికీ వెళ్లి, జ్వరం ఎవరికైనా ఉందా అని అడగాలి. ఉంటే వేలు పొడిచి గాజుపలక మీద నెత్తురు చుక్క తీసుకోవాలి. మాత్రలు ఇవ్వాలి. తలుపు పక్కన గోడ మీద గీసిన గడిలో తారీఖు వేసి సంతకం చెయ్యాలి. పొద్దంతా మనుషులతోనే పని. కానీ అందరినీ అడిగేది ఆ ఒక్క మాటే కావడంతో, సాయంత్రం గది తాళం తీసేసరికి ఆ రోజు ఎవరితోనూ మాట్లాడనట్టే ఉండేది.

నా వంతుకు వచ్చిన ఊళ్లలో ఒకదాని చివర క్రైస్తవుల వాడ ఉంది. అందులో మొదటి ఇల్లు ఒక అవ్వది. ఆమె భర్త ఆ చుట్టుపక్కల ఊళ్లలో వాక్యం చెప్పిన మనిషి. ఆయన పోయాక ఒక్కతే ఉండేది. ఒక వానకాలం ఆమె నెత్తురులో మలేరియా తేలింది. మాత్రలు నా కళ్ల ముందే మింగించాలని వరుసగా ఐదు రోజులు వెళ్లాను.

"సారూ, నీ గోలీలు చేదు. నీ మొఖం గంతకన్న చేదు," అంది మూడో రోజున. "ఒక్కపారన్న నవ్వరాదు?"

ఐదో రోజున గూట్లో పాత చీరముక్కలో చుట్టిన లావు పుస్తకం చూశాను. బైబిలు. అట్ట ఊడింది, కుట్లు తెగాయి, అంచులు చెదలు తిన్నాయి. మా ఇంట్లో పాత పుస్తకాలు మేమే కుట్టి అట్టలు వేసుకునేవాళ్లం. నా చేతులు ఊరుకోలేదు.

"బాగుచేసి తెస్తనవ్వా."

"పైలం బిడ్డా. గది మా ముసలాయన."

"మీ ఆయన పుస్తకమా?"

"పుస్తకం గాదు. ఆయననే."

ముసలివాళ్లు అలాగే అంటారులే అనుకున్నాను.

రెండు ఆదివారాలు కూర్చుని ఆ పుస్తకం కుట్టాను. మైదాపిండి ఉడికించి, దుకాణం నుంచి తెచ్చిన నల్లగుడ్డను అట్టకు అంటించాను. అంతటితో ఆపవలసింది. పేజీల నడుమ ఎక్కడ చూసినా ఏదో ఒకటి ఉంది: కోడి ఈక, వేపపుల్ల, తాటాకు ముక్క, ఎండిన తంగేడు పువ్వు, చిరిగిన రైలు టికెట్టు, దారప్పోగులు. నాకు ఎక్కడి వస్తువు అక్కడ ఉండాలి. అన్నీ దులిపి, ఊడ్చి పారేశాను. మూలలు మడిచిన పేజీలను సాపు చేసి, నిప్పులు వేసిన చెంబుతో ఇస్త్రీ చేశాను. "పుస్తకం బాగుచేసితిని. లోపలి చెత్త తీసివేసితిని" అని డైరీలో రాసి కింద గీత గీశాను. ఆ గీత ఇప్పటికీ ఉంది.

పుస్తకం చేతికిస్తే అవ్వ అట్ట వంక చూడలేదు. బొటనవేలితో పేజీల అంచులు మెల్లగా తడిమింది. మళ్లీ తడిమింది.

"ఈక ఏదీ?"

"ఏ ఈకవ్వా?"

"కోడీక. తాటాకు? మా ఆయన టికీటు?"

"చెత్త అనుకొని తీసేసిన."

ఆమె పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది. "నాకు అచ్చరం రాదు బిడ్డా," అంది. "ఆయన మంచంల పడ్డంక ఒక్కొక్కటి పెట్టుకుంట చెప్పిండు. ఈక కాడ ఏమున్నది, తాటాకు కాడ ఏమున్నది. ఐతారం ఆడోళ్లు వస్తె గక్కడ తెరిచి, వేలు పెట్టి చదువుత. ఇగ ఇప్పుడు అంత ఒక్కతీరే."

"నోటికి వస్తయి గదవ్వా. పుస్తకం లేకున్న చెప్పొచ్చు గద?"

"ఊకె చెప్తె ముసల్ది గొణుగుతున్నదంటరు. వేలు పెట్టి చెప్తె ఆయన చదివినట్టు."

ఆ ఆదివారం ఆడవాళ్లు వచ్చారనీ, అవ్వ తలనొప్పి అని చెప్పి పంపించిందనీ తర్వాత తెలిసింది. మరుసటి ఆదివారమూ అంతే.

మళ్లీ వంతు వచ్చినప్పుడు డైరీ తీసి ఆమె ముందు కూర్చున్నాను. "ఒక్కొక్కటి చెప్పు. వెతికి, ఏదుంటె గది అక్కడనే పెడత," అన్నాను. ఆమె చెప్పింది, నేను రాసుకున్నాను. మొత్తం ముప్పై ఒక్క గుర్తులు, ముప్పై ఒక్క మాటలు. ఒక్కటీ తడుముకోలేదు. ఏ మాట ఏ చోటిదో మాత్రం ఆమెకు తెలియదు. నాకు అసలు ఆ పుస్తకమే తెలియదు.

మానుకోటలో పాత పుస్తకాలమ్మే మనిషి దగ్గర నాకోసం ఒక ప్రతి కొన్నాను. చర్చి పాస్టరుగారిని అడిగితే సగం చోట్లు అక్కడికక్కడే చెప్పేవారు. చేసిన పని చెప్పుకోవలసి వస్తుందని మొదట సిగ్గుపడ్డాను. తర్వాత సిగ్గు పోయింది గానీ, ఆ పనిని ఇంకొకరికి ఇవ్వబుద్ధి కాలేదు. తెల్లవారి ఐదింటి నుంచి ఏడింటి దాకా మొదటి పేజీ నుంచి వరుసగా చదివేవాణ్ని. డైరీలో మూడు గడులు గీశాను: గుర్తు, మాట, చోటు. మూడో గడి నెలన్నర దాకా ఖాళీగానే ఉంది.

మొదట దొరికింది కోడి ఈక మాట. మరి ఈక కావాలి. పాతదాన్ని నేనే పారేశాను గనక కొత్తది నేనే తేవాలని అవ్వ పట్టుబట్టింది. పక్కింటి పుంజు వెనక నేను పరిగెత్తుతుంటే వాడంతా బయటికొచ్చి చూసింది. "కోడికి గూడ జ్వరమొచ్చిందా సారూ?" అని ఎవరో అరిచారు. అవ్వ కడుపు పట్టుకొని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ ఊళ్లో నేను నవ్వడం అదే మొదలు.

ఆ ఆదివారం ఆమె ఆ ఒక్క మాటనే చదివిందట.

ఏ రోజున అది అవ్వ పని కాకుండా నా పని అయిందో డైరీలో లేదు. ఒకటి మాత్రం గుర్తుంది. మొదటి భాగంలో ఒకచోట, ఎడారిలో వేసే గుడారం తెరల కొలతలు ఉన్నాయి. ఎన్ని తెరలు, ఒక్కోటి ఎన్ని మూరలు, అంచుకు ఎన్ని ఉంగరాలు. ఎవరైనా దాటేసే పేజీ అది. నేను బట్టల దుకాణంలో పెరిగినవాణ్ని. దారం తీసి, మూరకు అంగుళం చొప్పున గది నేల మీద ఆ తెరలన్నీ పరిచి చూశాను. కొలత సరిపోయింది. అంత పెద్ద దేవుడు గుడ్డ అంచు దాకా పట్టించుకున్నాడే అనిపించి, దారాలు ఎత్తకుండానే ఆ రోజు పనికి వెళ్లాను. ఆ పేజీలో అవ్వ గుర్తు ఏదీ లేదు.

ఇంకొకచోట, చివరి ఉత్తరాల్లో, చెరలో ఉన్న ఒక ముసలివాడు దూరాన ఉన్న కుర్రవాడికి రాస్తాడు: ఫలానా ఇంట్లో వదిలిన నా పైబట్ట తీసుకురా, పుస్తకాలు తీసుకురా, చలికాలం రాకముందే రా. అందరూ తనను వదిలి వెళ్లిపోయారని కూడా రాస్తాడు. నా గదిలో కూర్చుని నాతో మాట్లాడినట్టే ఉంది. ఆ ఉత్తరాన్ని ఎన్నిసార్లు చదివానో లెక్క పెట్టలేదు, అన్నీ లెక్క పెట్టే నేను.

ఈ సంగతి చెప్పుకోవడానికి మాత్రం ఎవరూ లేరు. పండుగకు జనగామ వెళ్తే మా నాయిన నా చేతిలో పుస్తకం చూశాడు.

"ఏందిరా గది? మతం గిట్ల కలుస్తున్నవా?"

"లేదు నాయినా, చదువుతున్న."

"కాలేజీల చదువుమంటె చదువకపోతివి. దీనికి పరీచ్చ ఎప్పుడట?"

మానుకోట చర్చిలో వెనక బల్ల మీద కూర్చున్న రోజున పాస్టరుగారు ఆప్యాయంగా, "బాప్తిస్మం ఎప్పుడు తమ్మీ?" అన్నారు. ఇంట్లో నన్ను చర్చి మనిషి అనుకున్నారు, చర్చిలో ఇంకా బయటి మనిషి అనుకున్నారు. పెళ్లి మాటలు రెండుసార్లు వాకిలి దాకా వచ్చి ఆగిపోయాయి. కారణం ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

నాలుగేళ్లలో ముప్పై గుర్తులు చోటు చేరాయి. ముప్పై ఒకటోది మిగిలింది. గుర్తు: ముసలాయన పంచె పోగు. మాట: "ఆయన వాకిట్ల నిలవడ్డడు. పిలువలే, పోలే."

"గది మా ఆయనకు అన్నిటికన్న ఇష్టం," అంది అవ్వ. "గది దొరికితె ఇగ నాకేం రంది లేదు."

ఆ రంది తీరకుండానే నాకు భూపాలపల్లి వైపు బదిలీ అయింది. ఘనపూర్‌లో గది తీసుకున్నాను. బొగ్గు పనులకు కొత్త మనుషులు వస్తున్న కాలం. అక్కడ ఎవరూ ఎవరికీ తెలియదు. పంచె పోగు కోసమని మళ్లీ మొదటి పేజీ తీశాను. రెండోసారి పూర్తయింది. మూడోసారీ పూర్తయింది. వాకిట నిలబడి తలుపు తట్టేవాడు ఉన్నాడు. ఊరికే నిలబడేవాడు లేడు. ఆ మాట ఆ పుస్తకంలో లేదు.

ఏదో ఒక పేజీ తెరిచి, ఇదేనవ్వా అని పోగు పెట్టేస్తే ఆమెకు తెలిసేది కాదు. ఆ ఆలోచన కూడా డైరీలో రాసుకున్నాను. కానీ అప్పటికి ఆ పుస్తకంలో నాకు ప్రతి చోటూ తెలుసు. ఏ చోటున పెట్టినా అది అబద్ధమని నాకు తెలిసిపోతుంది.

ఒక ఆదివారం బస్సెక్కి, వరంగల్‌లో రైలుబండి ఎక్కి, మానుకోటలో దిగి అవ్వ ఊరికి వెళ్లాను. అవ్వ బాగా ఒంగిపోయింది. చింతపండు గింజలు తీస్తోంది.

"అవ్వా, ఆఖరుది పుస్తకంల లేదు."

"సరిగ చూసినవా?"

"మూడుసార్లు చూసిన, ఈ అట్ట నుంచి ఆ అట్ట దాక."

ఆమె చేతులు ఆగాయి. "మరి గది ఎవని మాట?"

"తాతదే అనుకుంట."

ఆమె చింతపండు పక్కకు నెట్టింది. "మా బిడ్డ సచ్చిపోయినప్పుడు నేను అలిగి తల్లిగారింటికి పోయిన. ఆయన ఐతారం ఐతారం వచ్చి వాకిట్ల నిలవడేది. లోపలికి రాకపోయేది. రమ్మనకపోయేది. పొద్దుగూకేదాక పోకపోయేది." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "సూడు ముసలోన్ని. దేవుని మాటలల్ల తన మాట కలిపిండు. నాకు ఎరుకే లేకపాయె."

తర్వాత అడిగింది: "దాంట్ల రాతలేని కాయితం ఉన్నదా?"

"ఉండె, ఆఖర్ల. నేనే అట్టకు అంటువెట్టిన."

"ఊడవీకు."

తడిగుడ్డ అద్ది, కుట్టినప్పటికన్నా జాగ్రత్తగా ఆ కాగితాన్ని ఊడదీశాను. మైదా మరకలతో పసుపుపచ్చగా వచ్చింది. ఆరాక అవ్వ తానే పెట్టెలోంచి పాత పంచె తీసి, ఒక పోగు లాగి అందులో పెట్టింది.

సాయంత్రం ఆడవాళ్లు వచ్చి కూర్చున్నారు. అవ్వ ఈక దగ్గర చదివింది, తాటాకు దగ్గర చదివింది. ఆఖరున పోగు దగ్గర తెరిచి, ఏమీ లేని కాగితం మీద వేలు పెట్టి, మెల్లగా కుడివైపుకు జరుపుతూ చదివింది. నేను చేతిసంచి భుజాన వేసుకొని గడప బయట ఉన్నాను. నేను ఎక్కవలసిన వరంగల్ బండి కూత వినిపించింది. ఆమె వేలు అంచు దాకా వెళ్లి ఆగేదాకా నేను కదల్లేదు.

ఆ రోజు డైరీలో ముప్పై ఒకటో వరుసకు మూడో గడి ఖాళీగా వదిలేశాను. కింద "బండి తప్పినది" అని రాసుకున్నాను.