నోట్లో మేకులు

"...అది కాదురా, పేరు మనకి దొరుకుతుందో లేదో చూసుకోకుండా పెట్టెడు లేబుళ్లు ఎవరైనా నేయిస్తారా? ఆలూ లేదు చూలూ లేదు అన్న సామెత మనల్ని చూసే పుట్టుంటుంది."

"నన్నంటావేంటి అన్నయ్యా? నేయించింది వదిన. వెళ్లి వదిననే అడుగు."

"అడుగుదామంటే నోట్లో మేకులు."

నిజంగానే ఆమె నోటినిండా మేకులున్నాయి. ఒక ముక్కాలి పీట మీద కూర్చుని, చేతులున్న పాత కుర్చీని ఒళ్లోకి వాల్చుకుని, దాని అడుగున పట్టీలు బిగిస్తోంది. నాలుక కొసతో ఒక్కో మేకునీ పెదవుల మధ్యకు తోస్తే, అయస్కాంతపు సుత్తి దాన్ని అందుకుంటుంది. ఒక దెబ్బకి నిలబడుతుంది, రెండో దెబ్బకి మునుగుతుంది. ఈ రోజుల్లో కుర్చీలు, సోఫాలు కట్టేవాళ్లంతా తుపాకీలాంటి యంత్రంతో పిన్నులు కొట్టేస్తున్నారు. ఈమె మాత్రం నేర్చుకున్న పద్ధతి మానలేదు. అందుకే వీధిలో ఆమెని మేకులక్క అంటారు.

వాకిలి దగ్గర బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని అన్నదమ్ములిద్దరూ వాదించుకుంటున్నారు. అన్న ఆమె భర్త, సిటీ బస్సు నడుపుతాడు. తమ్ముడు కొరియర్ ఆఫీసులో పనిచేస్తాడు, కంప్యూటరు తెలిసినవాడు. ఇద్దరి మధ్యా నేత లేబుళ్ల అట్టపెట్టె మూత తీసి ఉంది.

కిటికీ దగ్గరి పీట మీద మేస్త్రి కూర్చుని దారపు ఉండ చుడుతున్నాడు. కొట్టు ఆయనది. చేతులు వణకడం మొదలయ్యాక సుత్తి పక్కన పెట్టేశాడు కానీ పొద్దున్నే వచ్చి ఆ పీట మీద కూర్చోవడం మానలేదు. వాదన ఆయన చెవిన పడుతోందో లేదో ఆమెకి తెలియలేదు. పడకూడదనే ఆమె కోరిక.

సంగతి ఇదీ. పెద్ద గ్రంథాలయంలో చదువుకునే గది కుర్చీలన్నీ కొత్తగా కట్టించాలనుకున్నారు. అక్కడి అధికారిణి ఈ కొట్టుకి వచ్చి, కట్టిన కుర్చీలో ఒకసారి కూర్చుని, లేవబుద్ధి కావడం లేదని చెప్పి మరీ లేచింది. పని మీకే ఇస్తాను, కాకపోతే రిజిస్టరైన కంపెనీకే ఇవ్వాలని మా నియమం, ఆ పని చూసుకోండి అంది. కొట్టుకి ఈమధ్య పని పలచబడింది. ఈ పని దక్కితే కొట్టు నిలబడుతుంది, లేకపోతే మూతపడుతుంది. అది అందరికీ తెలుసు. ఆమెకి మటుకు ఇంకో ఆశ కూడా ఉంది. కంపెనీ మేస్త్రి పేరు మీద ఉండాలి. ఆ గదిలో ప్రతి కుర్చీ కిందా ఆయన పేరు ఉండాలి. ఆయన కళ్లతో ఆయన చూడాలి.

అందుకే లేబుళ్లు ముందు నేయించింది. అది పొరపాటేనని ఇప్పుడు ఒప్పుకుంటుంది కానీ, ఆ పొరపాటు పనిలోంచి వచ్చింది. కుర్చీ కట్టేటప్పుడు లేబులు ముందు అడుగు గుడ్డకి కుట్టి, ఆ తర్వాతే పై గుడ్డ మూస్తారు. కుర్చీ కట్టినన్నాళ్లూ ముందు కిందది, తర్వాత పైది. కంపెనీకి కూడా అంతే అనుకుంది.

మరిది పొద్దున ప్రభుత్వం వాళ్ల కంపెనీల రిజిస్ట్రీ తెరిచాడు. అందులో ఒక పెట్టెలాంటి గడి ఉంటుందనీ, కావలసిన పేరు అక్కడ కొట్టి వెతికితే ఆ పేరు ఖాళీగా ఉందో, ఎవరైనా పెట్టుకున్నారో చెబుతుందనీ, దీనికి ఎవరి కాళ్లూ పట్టుకోనక్కర్లేదనీ వదినకి వివరించాడు. బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు కొట్టాడు. మేస్త్రి పేరు, పక్కన 'అండ్ సన్స్'.

ఆ 'అండ్ సన్స్' వెనక ఓ కథ ఉంది. మేస్త్రికి కొడుకులు లేరు సరికదా, పెళ్లే కాలేదు. ఆ రోజుల్లో బోర్డులు రాసేవాడు ఏ కొట్టుకి రాసినా చివర అలా తగిలించేవాడు. అలా ఉంటేనే అక్షరాలు బోర్డు నిండుతాయని వాడి లెక్క. మేస్త్రి పొద్దున్నే వచ్చి చూసుకుని, పోనీలే, రంగు ఆరిపోయింది, చెరిపితే మచ్చ పడుతుంది అని ఊరుకున్నాడు.

రిజిస్ట్రీ మాత్రం ఊరుకోలేదు. ఆ పేరు దొరకదంది. అదే పేరుతో కంపెనీ ఒకటి ఎప్పుడో నమోదైంది, ఇప్పటికీ నడుస్తోంది. మరిది 'అండ్ సన్స్' తీసేసి చూశాడు, 'కుషన్ వర్క్స్' తగిలించి చూశాడు. తోక మారిస్తే పేరు మారినట్టు కాదట. ఆ పేరు పక్కన ఊరు, యజమాని పేరు ఉన్నాయి. మరిది అవి పైకి చదివాడు. అప్పుడే ఆమె నోట్లో గుప్పెడు మేకులు పోసుకుంది.

ఆ యజమాని ఎవరో ఆమెకి తెలుసు. మేస్త్రి దగ్గర ఆమెకంటే ముందు పని నేర్చుకున్నవాడు. అతన్ని ఆమె ఎప్పుడూ చూడలేదు, పేరు మాత్రం విన్నది. కొబ్బరిపీచు మానేసి ఫోము పెడదామని అతను, పీచు పెట్టని కుర్చీ కుర్చీయే కాదని మేస్త్రి, మాటా మాటా అనుకున్నారు. అతను లేచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత మేస్త్రి అతని ఊసెత్తలేదు.

అతను వెళ్లాకే ఆమెకి ఈ కొట్టులో చోటు దొరికింది. అప్పట్లో ఆమె వెనక పెరట్లో కూర్చుని, బస్తాల్లో వచ్చిన కొబ్బరిపీచు చిక్కు తీసేది. ఒకరోజు మేస్త్రి వెనకే నిలబడి చూసి, గోడవైపు రెండో పీట ఖాళీగా ఉంది, వచ్చి కూర్చో అన్నాడు. చుట్టుపక్కల కొట్లవాళ్లు నవ్వారు. ఆడమనిషి సుత్తి పడుతుందా అన్నారు. పట్టింది ఎవరో సుత్తికి తెలియదులే అన్నాడు మేస్త్రి. వేలు చితికిన రోజున, అందరికీ చితుకుతాయి, గోరు మళ్లీ వస్తుంది అని తన ఎడమచేతి బొటనవేలు చూపించాడు. దాని మీద గోరు వంకరగా ఉంది. ఆమె బిడ్డను చంకనేసుకుని పనికొచ్చిన ఒకరోజు, దూది పరుపు మీద ఆ బిడ్డను పడుకోబెట్టి, నిద్ర చెడుతుందని ఆ పూటంతా సుత్తి పట్టకుండా గుడ్డలు కత్తిరిస్తూ కూర్చున్నాడు. ఇవన్నీ ఆయనకి గుర్తుండవు. ఆమెకి గుర్తే.

మేస్త్రి నేర్పినవాటిలో ఆమె ఎక్కువగా వాడుకున్న పాఠం మేకులది. గిరాకీ గొడవకొస్తే ముందు నోట్లో మేకులు పోసుకో అనేవాడు. నోట్లో మేకులున్నవాళ్లు తొందరపడి మాట అనలేరు. అవన్నీ కొట్టడం అయ్యేసరికి అనాల్సింది ఏదో, అనక్కర్లేనిది ఏదో తేలిపోతుంది.

ఆఖరి మేకు కొట్టింది. ఈసారి ఏమీ తేలలేదు. కోపం ఉన్నచోటే ఉంది.

"దొంగతనం కదా ఇది," అంది మెల్లగా, మేస్త్రికి వినపడకుండా. "తిట్టుకుని వెళ్లిపోయిన మనిషి, ఆయన పేరు ఎత్తుకుపోతాడా?"

భర్త వేడి మీదున్న వాదన అక్కడితో వదిలేశాడు. ఆమె గొంతు అలా మారితే ఆయన ఎదురు చెప్పడు. మరిది మాత్రం, అలా అనకు వదినా, పాతవాళ్లు ఒప్పుకుని రాసిస్తే ఆ పేరు మనకీ ఇస్తారట, ముందు మాట్లాడి చూద్దాం అన్నాడు. రిజిస్ట్రీలో ఉన్న నంబరు కొట్టి, అలవాటు కొద్దీ స్పీకరు పెట్టి, ఫోను ఆమె ముందు కుర్చీ మీద ఉంచాడు.

అవతల ఫోను ఎత్తారు. ఎవరూ మాట్లాడలేదు. ఆమె గ్రంథాలయం సంగతీ, పేరు సంగతీ వరసగా మనసులో పేర్చుకుని, మొదటి మాటకి నోరు తెరిచింది. అంతలో ఒక చప్పుడు వినిపించింది. రేకు డబ్బాలో టపటపమని ఏవో రాలాయి. ఆ తర్వాత ఎవరో పెదవులు తుడుచుకుని గొంతు సవరించుకున్నారు.

ఆ చప్పుడు ఆమెకి తెలుసు. రోజూ తను చేసే చప్పుడే. నోట్లో మేకులు డబ్బాలో ఊసి మాట్లాడటం.

"చెప్పండి," అన్నాడు అవతలాయన.

ఆమె పేర్చుకున్న వరసంతా చెదిరిపోయింది. తను ఎవరో, ఎక్కణ్ణించి మాట్లాడుతోందో మాత్రం చెప్పింది. అవతల అతని వెనకాల సుత్తుల చప్పుడు, రెండేసి దెబ్బలు, వినిపిస్తూనే ఉంది.

"మేస్త్రి ఉన్నారా అమ్మా?"

ఉన్నారా అన్న మాట అతను ఏ భయంతో అడిగాడో ఆమెకి అర్థమైంది. "ఉన్నారు. కిటికీ దగ్గర కూర్చున్నారు," అంది.

"హమ్మయ్య," అన్నాడు అతను. ఆ తర్వాత తనే చెప్పుకొచ్చాడు. వెళ్లిపోయాక మొదట్లో పని దొరకలేదట. ఎక్కడికెళ్లినా, ఎవరి దగ్గర నేర్చుకున్నావు అని అడిగేవాళ్లట. మేస్త్రి పేరు చెబితే పని ఇచ్చేవాళ్లట. సొంతంగా పెట్టుకున్నప్పుడు ఆ పేరే పెట్టుకున్నాడు. "అడిగి పెట్టుకోవాల్సింది. అడగడానికి మొహం చెల్లలేదు. ఇంట్లో ఉన్నది ముగ్గురూ ఆడపిల్లలే అయినా 'అండ్ సన్స్' కూడా తీసెయ్యలేదమ్మా. బోర్డు మీద ఎలా ఉందో అలాగే."

దారపు ఉండ చుట్టడం ఆగింది. మేస్త్రి అటే చూస్తున్నాడు. ఎంతసేపటి నుంచి వింటున్నాడో.

"పీచు పెడుతున్నావా, ఫోమేనా?" అన్నాడు కిటికీ దగ్గర నుంచే.

"లోపల పీచు, పైన ఫోము మేస్త్రిగారూ. రెండూ."

"చిక్కు బాగా తీయిస్తున్నావా?"

"నేనే తీస్తున్నానండీ. పిల్లలకి చేతకాదు."

మేస్త్రి తలూపాడు, అవతలి మనిషికి కనపడదన్న ధ్యాస లేకుండా. "ఇన్నాళ్లూ ఆ బోర్డు అబద్ధం చెబుతోందనుకున్నానమ్మాయ్," అన్నాడు ఆమెతో. దారం మళ్లీ అందుకున్నాడు.

అతను ఫోను పెట్టేముందు ఆమెతో ఇంకో మాట అన్నాడు. "చెల్లెమ్మా, ఆ పేరు మీదే. ఆయన పక్కన ఉండి చూసుకున్నది మీరు. ఎక్కడ రాసివ్వమంటే అక్కడ రాసిస్తాను. ఏకంగా వదిలెయ్యమన్నా వదిలేస్తాను. కొత్త పేరు నేను పెట్టుకుంటాను."

ఆ రోజు ఇంకే పనీ సాగలేదు. మరిది మురిసిపోయి, చూశావా, అడిగితే ఇవ్వనివాళ్లుండరు అన్నాడు, ఫోను చెయ్యమన్నది తనేనని ఇద్దరికీ గుర్తు చేశాడు. లేబుళ్లు వృథా కాలేదని భర్త పెట్టె మూత జాగ్రత్తగా మూశాడు, తను ముందే చెప్పానన్నాడు. ఏం చెప్పాడో ఎవరూ అడగలేదు.

ఆమె కొట్టు ఊడ్చి, రాలిన మేకులు అయస్కాంతంతో ఏరి డబ్బాలో వేసింది. మేస్త్రిని చెయ్యి పట్టుకుని ఇంటిదాకా దిగబెట్టి వచ్చింది. దారిలో ఆయన ఆ మనిషి గురించే చెప్పాడు. మొదట్లో మేకులు మింగేస్తానేమోనని భయపడి, ఒక్కటంటే ఒక్కటే నోట్లో పెట్టుకునేవాడట. పట్టీ మాత్రం మేస్త్రికంటే బిగువుగా కట్టేవాడట. ఆయన అలా ఎవర్నీ మెచ్చుకోగా ఆమె వినలేదు. తను కూర్చున్న పీట అంతకుముందు ఎవరిదో ఆమె అన్నాళ్లూ ఆలోచించలేదు. దాని కాళ్లలో ఒకటి కాస్త అరిగి ఉంటుంది. ఎడమవైపు ఒరిగి కూర్చునే మనిషి ఎవరో అరగదీసి ఉండాలి. మొదటి రోజు నుంచీ ఆ ఒరుగు ఆమె నడుముకి సరిగ్గా సరిపోయింది.

మర్నాడు పొద్దున డ్యూటీకి వెళ్లేముందు భర్త, ఆఫీసుకి వెళ్లేముందు మరిది కొట్టు దగ్గర ఆగారు. పేరు ఖాయం చేసేస్తే గ్రంథాలయం వాళ్లకి ఇవాళే చెప్పెయ్యొచ్చని మరిది లాప్‌టాప్ తెరిచాడు. మేస్త్రి అప్పటికే వచ్చి కిటికీ దగ్గర కూర్చున్నాడు.

"ఇంకో పేరు చూడు," అంది ఆమె.

"ఇంకోటెందుకు వదినా? ఆయన రాసిస్తానన్నాడుగా."

"చూడమన్నానుగా. రెండో పీట."

మరిది అన్న వైపు చూశాడు. అన్న నవ్వాడు. కొట్టుకి పీట పేరేమిటి, రేపు సుత్తి పేరు పెడతావా, బస్సుకి బ్రేకు పేరు పెట్టుకున్నట్టు ఉంది అన్నాడు. మరిది ఈలోగా ఆ గడిలో కొట్టి వెతికాడు. ఆ పేరుతో గానీ, దాన్ని పోలిన పేరుతో గానీ ఎవరూ లేరంది రిజిస్ట్రీ. ఖాళీగా ఉంది.

మేస్త్రి గోడవైపు పీటని ఒకసారి చూశాడు.

ఆమె మేకుల డబ్బా మూత తీసి, తీసిన చెయ్యి అలాగే ఉంచి, ముందు భర్తతో అంది. "లేబుళ్లు మడతలు పడకుండా సర్ది నిన్న ఫోనులో మాట్లాడినాయనకి పంపించండి. ఆ పేరు నిలబెట్టింది ఆయనే. ఆయన పిల్లలు కట్టే కుర్చీల కింద కుట్టుకుంటారు." తర్వాత మరిదివైపు తిరిగింది. "మనది రెండో పీట. అదే రాయించు."