అవ్వ దిగిన ఫోటో

ఏటా వానలు మొదలవగానే మా ఇంట్లో ఒక వాసన లేస్తుంది. అలమారా పైఅరలో ఉన్న మా కాక కెమెరా తోలుసంచి వాసన అది; బూజు, పాత తోలు, కొంచెం కర్పూరం. ముంబై వానలు గోడల్నే వదలవు, పాపం తోలుసంచిని వదులుతాయా? ఎండ మొహం చూపించిన రోజున దాన్ని కిటికీలో ఆరబెట్టబోయి ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుంటాను. అంతే, ఇక ఆ పూట నా చేత పని జరగదు. కామాటిపురాలో గదికో సంసారముండే మా చాల్ మూడో అంతస్తు గ్యాలరీలో, కటకటాల సందుల్లోంచి కాళ్లు వేలాడేసుకుని కూర్చున్న చిన్నపిల్లనైపోతాను.

మాది ఒక్క ఖోలీ సంసారం. ఆ ఒక్క గదిలోనే స్టవ్వు, దేవుడి పటాలు, స్నానానికి మోరీ, అమ్మా నాయినా, నేనూ, నాయిన తమ్ముడైన కాకా, వాళ్లిద్దరినీ కన్న అవ్వా. అవ్వ పాలమూరు నుంచి తాత వెంట వచ్చి ఈ పట్నంలో ఎన్ని మేడలకు ఇసుక మోసిందో ఆమెకే గుర్తులేదు. వానాకాలం పొద్దుటిపూట గ్యాలరీలో ఆమె జొన్నరొట్టెలు తడుతుంటే ఆ చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. వేడి రొట్టె మీద వెల్లుల్లి కారం, నూనె బొట్టు, బయట తడిసిన రేకుల మీద వాన. బతుకమ్మ నాడు నాగ్‌పాడా నుంచి బంతిపూలు తెచ్చి, సత్తుపిండి ముద్దలు చేసి, అందరికంటే ముందు నా నోట్లో ఒకటి కుక్కేది. రాత్రి ఆమె కడుపుకి నా వీపు ఆనితే తప్ప నాకు నిద్ర పట్టేది కాదు.

కాక ఫోరస్ రోడ్‌లో ఫ్యాన్లు బాగుచేసే దుకాణంలో పనిచేసేవాడు. ఎక్కడో పాత సామాన్లలో ఆ కెమెరా కొనుక్కొచ్చాడు, ఇక చూడండి! పెండ్లీడు వచ్చిన మనిషి ఆదివారమైతే చాలు, నన్ను వెంటేసుకుని గ్రాంట్ రోడ్ వంతెన మీదికి, రైళ్ల ఫోటోలకి. పొద్దున ఎండ మేడల సందులోంచి నేరుగా అద్దంలోకి గుచ్చుకునేది, బండి నల్లముద్దయ్యేది. వానలో పట్టాలు మాత్రం తళతళలాడి, మిగతాదంతా బూడిద. సాయంత్రమైతే బండి ముందు దీపం మొత్తం బొమ్మనే మింగేసేది. కాక మబ్బు అడ్డం వచ్చేదాకా ఓపిగ్గా నిలబడి, అంగీ అంచుతో అద్దం తుడిచి, స్తంభానికి ఆనుకుని, ఊపిరి బిగబట్టి మీట నొక్కేవాడు. అంతా చేసి ఫిల్ము కడిగించి తెస్తే చాల్ అంతా నవ్వేది.

"ఏందయ్యా, ఇది గాడీయా, మాడిన రొట్టెనా?" అనేది అమ్మ.

"వెలుతురు దొరకలే వదినే, మల్ల పోత," అనేవాడు కాక, సిగ్గులేకుండా.

అవ్వను మాత్రం ఎంత బతిమాలినా కెమెరా ముందుకు రాలేదు. "నేను దిగ, పో! ఫోటో దిగితే ఆయుష్షు తరుగుతది," అని కొంగు మొహానికి అడ్డం పెట్టుకునేది.

కాకకి పెండ్లి కుదిరిన వారమే అవ్వ రొట్టె తడుతూ ఒక మాట అన్నది. "కొత్త కోడలొస్తది. కాళ్లు సాపుకునే జాగ లేదు. నేను ఊర్ల మా తమ్ముని కాడికి పోత. ఇగ ఆడనే ఉంట."

ఒక్కరూ వద్దనలేదు. అప్పటికే అందరూ ఆ గదిని కళ్లతో కొలుస్తున్నారు మరి! నేను మాత్రం వలవలా ఏడ్చాను. కాక తల వంచుకుని రొట్టె తిన్నాడు. తన పెండ్లి కోసమే తల్లి పోతున్నదని ఆయనకి తెలుసు. ఆ ఆదివారం వంతెన మీదికి పోలేదు.

వాన ముసురు పట్టిన ఒక సాయంత్రం వీటీ స్టేషన్‌కి పోయాం. షోలాపూర్ మీదుగా పోయే బండి. ఊరికి పోతున్న పాలమూరు కూలీలు అవ్వ రేకుపెట్టెను లోపలికి లాక్కుని, తలుపు దగ్గరే ఆమెకి చోటిచ్చారు. ఇంట్లో అవ్వది ఒక్క ఫోటో కూడా లేదని కాకకి అప్పుడు తట్టింది. కెమెరా ఎత్తాడు. బండి డబ్బాలో చీకటి, అవ్వ వెనక అవతలి తలుపులోంచి పక్క ప్లాట్‌ఫారం దీపాల కళ్లు చెదిరే వెలుతురు. మొహం ఉండాల్సిన చోట మసి. ముందుకొచ్చాడు, వెనక్కి పోయాడు, లాభం లేదు.

"అమ్మా, ఒక్క ఫోటో దిగవే!" అన్నాడు. అంతలో బండి కూత పెట్టింది. ఆ మోతలో ఆయన గొంతు చించుకుని మళ్లీ అరిచాడు. "దిగు అమ్మా! దిగవే!"

అవ్వ సంచి చంకన పెట్టుకుని, నింపాదిగా బండి దిగింది.

దిగి ప్లాట్‌ఫారం మీద దీపం కింద నిలబడింది. వెనక బండి కదిలింది. కాక స్తంభానికి ఆనుకుని, ఊపిరి బిగబట్టి మీట నొక్కేశాడు. అప్పటికి గాని మాకు తెలివి రాలేదు.

"అమ్మా, గాడి పోయింది గదనే!" అని నాయిన నెత్తి కొట్టుకున్నాడు.

"వీడు దిగుమన్నడు గద, దిగిన."

"నేను ఫోటో దిగుమన్న!" అన్నాడు కాక, ఏడుపు గొంతుతో.

"అదీ దిగిన, ఇదీ దిగిన. ఇగ ఇంటికి నడువుండ్రి."

రేకుపెట్టె ఒక్కటే ఊరికి పోయి, దసరా దాటాక తిరిగొచ్చింది. కాక ఆ గదిలోనే అటక కట్టించి పెండ్లయ్యాక అక్కడే కాపురం పెట్టాడు. ఆయుష్షు తరుగుతుందన్న అవ్వ ఆ తర్వాత కాక పిల్లలిద్దరికీ కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోసింది. "కాక ఫోటోకే దిగుమన్నడని నీకు నిజంగా తెల్వదా అవ్వా?" అని నేనొకసారి అడిగితే, తల దువ్వుతున్నదల్లా జుట్టు గుంజి, "సక్కగ కూసో," అన్నది. ఆ ఫోటోలో రైలు అలికిన గీతల్లా ఉంటుంది. అవ్వ మాత్రం ముక్కుపుడకతో సహా కనిపిస్తుంది.

ఇప్పుడు అవ్వ లేదు, కాక లేడు. చాల్‌ని ఖాళీ చేయించి చుట్టూ రేకులు కొట్టారు. మా యాసలో నాతో మాట్లాడే మనిషి ఇంట్లో ఒక్కరూ లేరు. నా బిడ్డకి మరాఠీయే నోటికొస్తుంది. మొన్న వాన వెలిసిన సాయంత్రం దాన్ని గ్రాంట్ రోడ్ వంతెన మెట్ల మీద నిలబెట్టి ఫోన్ ఎత్తాను. వెనక ఎండ, మొహమంతా నలుపు. కింద బండి వస్తున్నది.

"ఇటు చూసి మంచిగ ఫోటో దిగు బిడ్డా," అన్నాను.

"ఉతరూ? కుఠే?" అని మరాఠీలో అడిగి, ఎక్కడికి దిగాలో తెలియక, ఒక మెట్టు కిందికి దిగింది.

ఆ మెట్టు మీద వెలుతురు ఉంది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. కమ్మీకి ఆనుకుని ఊపిరి బిగబట్టాను. కింద గాడి పోయింది. పోనీ.