చివరి బెంచీలో పెద్ద మేడం

పెద్ద మేడం పోయారని మా బడి అటెండరు వచ్చి చెప్పినప్పుడు నేను తొమ్మిదో తరగతిలో హాజరు పిలుస్తున్నాను. "పొద్దుగాల దవాఖానల పానం వోయిందంట, టీచర్" అన్నాడు. సరేనన్నాను. మిగతా పేర్లు కూడా పిలిచాను. ఎవరు పలికారో, ఎవరు పలకలేదో ఇప్పుడు చెప్పలేను.

ఆమె నారాయణఖేడ్ ఆడపిల్లల హైస్కూలుకు ప్రధానోపాధ్యాయురాలిగా పనిచేసి కొన్నేళ్ల కిందట రిటైరయ్యారు. నన్ను టీచరును చేసింది ఆమె. రాయడానికి తేలికైన మాటే. రాశాక కూడా నాలో ఏమీ కదలడం లేదు.

ఎనభైల మొదట్లో నేనో చిన్న ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేదాన్ని. డిగ్రీ ఉంది, బి.ఎడ్. లేదు. ఏడాదిపాటు పట్నంలో ఉండి రెగ్యులర్‌గా చదవడం నాకు కుదరదు. పాప అప్పుడప్పుడే నడక నేరుస్తోంది. అందుకే కరస్పాండెన్సులో చేరాను. పాఠాలు పోస్టులో వచ్చేవి. కానీ ఎండాకాలంలో ఒక నెల పట్నంలో తరగతులకు వెళ్లాలి. ఆ తర్వాత ఓ హైస్కూల్లో, అనుభవమున్న టీచరు ముందు పాఠాలు చెప్పి చూపించాలి. అందుకు ఒప్పుకున్నది పెద్ద మేడమే.

ఆ నెల దగ్గరే మా అత్త అడ్డుపడింది. మానేస్తానని వెళ్లి మేడంతో చెప్పాను. మర్నాడు ఆమె నేరుగా మా ఇంటికే వచ్చారు.

"పోస్టుల సదువన్నది గద, మల్ల పట్నమెందుకు?" అంది అత్త. "నాకు కండ్లు సక్కగ గనిపియ్యవు. ఉరికే పోరిని ఎవలు జూడాలె?"

"నేను జూస్త. ఇప్పుడు నాకు సెలవులే. ఇంట్ల నేను, మా అమ్మీ, గంతే."

"మీ ఇంట్లనా?"

"అవ్, మా ఇంట్లనే. నువ్వు రోజొచ్చి చూసిపో అక్కా."

అత్త నిజంగానే రోజూ వెళ్లిందట. సాయిబుల ఇల్లని మొదట్లో గడప బయట నిలబడే చూసి వచ్చేదట. పట్నం నుంచి నేను తిరిగొచ్చేసరికి లోపలే కూర్చుని చాయ్ తాగుతోంది.

పాప నా దగ్గరికి రాలేదు. మేడం కొంగు చాటున దాక్కుంది. నేను చేతులు చాస్తే ఏడ్చింది.

"పట్టి గుంజకు. గీడనే కూసో, అదే వస్తది" అని మేడం లోపలి గదిలోకి వెళ్లి గడియ పెట్టుకున్నారు. పాప ఆ తలుపు కొడుతూ ఏడ్చి ఏడ్చి, చివరికి నా ఒడిలోకి వచ్చి పడుకుంది. లోపల మేడం ఏం చేశారో నాకు తెలియదు. తలుపు తీసినప్పుడు ముఖం కడుక్కుని ఉన్నారు.

బడులు తెరిచాక నా పాఠాలు మొదలయ్యాయి. ఆమె చివరి బెంచీలో పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చునేవారు. మొదటి రోజు నేను రాసుకున్నదంతా పొల్లు పోకుండా చెప్పాను. గంట కొట్టాక ఆమె, "మంచిగ చెప్పినవ్ బేటీ. కానీ నాకు చెప్పినవ్. రేపు పిల్లలకు చెప్పు" అన్నారు.

పోస్టులో చదివినదానికి విలువుంటుందా అని ఓసారి అడిగాను. "యాడ చదివినవని పిల్లలు అడుగుతరా? సమజైందా లేదా, గదే జూస్తరు" అన్నారు.

నా పాఠం చూసి మార్కులేసేందుకు బయటి నుంచి ఒక సారు వచ్చిన రోజు మాత్రం ఆమె గదిలోకి రాలేదు. "నేనుంటే నువ్వు నన్నే జూస్తవ్" అని వరండాలోంచే వెనక్కి వెళ్లిపోయారు. ముందు బెంచీ పిల్లను ఏదో ప్రశ్న అడిగాను. ఆ పిల్ల తప్పు చెప్పింది. ఎందుకలా అనుకున్నావని అడిగాను. అక్కణ్నుంచి పాఠం సాగిపోయింది. పాసయ్యాను, తర్వాత ఉద్యోగం కూడా వచ్చింది.

కబురు తెలిసిన ఆ మధ్యాహ్నం మా అమ్మాయితో కలిసి మేడం ఇంటికి వెళ్లాను. అది ఇంటర్ చదువుతోంది. మేడం ఇంట్లో ఉన్న ఆ నెల సంగతి దానికేమీ గుర్తులేదు. ఆడవాళ్లు జరిగి మాకు చోటిచ్చారు. నాకు ఏడుపు రాలేదు. ఎవరో నీళ్లిస్తే తాగాను. మగవాళ్లు మేడం జనాజాను భుజాలకెత్తుకుని కదిలాక అందరం వాకిట్లో నిలబడ్డాం. రోడ్డు మీద కంగ్టి వెళ్లే బస్సు ఆగింది, డ్రైవరు ఇంజను ఆపేశాడు. జనాజా మలుపు తిరిగిపోయాక కూడా బస్సు కాసేపు అలాగే ఉంది, కిటికీల నిండా ముఖాలతో.