అత్తగారి గుండీలు

ఆ ఇంటి కోడలి ఉద్యోగం తప్పులు పట్టడం. ఇది ఎగతాళికి అంటున్న మాట కాదు. చొక్కాలు కుట్టే కంపెనీలో ఆమెకు జీతమిచ్చేదే అందుకు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ట్యూబులైటు కింద నిలబడి, ముందుకొచ్చిన ప్రతి చొక్కానూ కాలరు నుంచి అంచు దాకా కళ్ళతో తడుముతుంది. కుట్టు తప్పినా, జేబు ఒరిగినా అక్కడ చిన్న ఎర్రబాణం స్టిక్కరు అంటించి వెనక్కి పంపుతుంది. బాగున్న చొక్కాకు ఏ గుర్తూ ఉండదు. అది చప్పుడు లేకుండా పెట్టెలోకి వెళ్ళిపోతుంది.

చిక్కల్లా ఏమిటంటే, ఆ కళ్ళు గేటు దాటి బయటికొచ్చాక కూడా డ్యూటీ దిగవు. ఇంట్లో అడుగు పెట్టిందో లేదో, చెప్పులు అడ్డంగా ఉన్నాయని, దుప్పటి మడత కుదరలేదని మొదలు. మొగుడు కుళాయిలు బాగుచేసే మనిషి, ఓపికలో భూదేవికి తమ్ముడు. "కోడిగుడ్డుకు ఈకలు పీకడం చూడాలంటే మా ఇంటికి రండి" అని నవ్వేసి ఊరుకునేవాడు. పదేళ్ళ కూతురు ఆ చెవిన విని ఈ చెవిన వదిలేసేది.

ఒక్క అత్తగారి జోలికి మాత్రం ఆమె పోలేదు. గుండీలు కుట్టడం, చిరుగులు కలపడం ఆవిడ వాటా. మిషను కుట్టును ఆవిడ చస్తే నమ్మదు. కొత్త చొక్కా ఇంటికొస్తే ముందు దాని గుండీలన్నీ కోసేసి, మళ్ళీ తన చేత్తో కుడితే గానీ ఎవరినీ తొడుక్కోనివ్వదు. కోడలు తెచ్చిన కంపెనీ చొక్కాలకైనా అదే మర్యాద. పన్నెండేళ్ళుగా కోడలు ఆ పనికి వంక పెట్టలేదు. మెచ్చుకోనూ లేదనుకోండి, అది వేరే సంగతి.

అలాంటిది, ఒక శనివారం కూతురి బడి చొక్కా ఇస్త్రీ చేస్తూంటే రెండో గుండీ గింజంత పక్కకు జరిగి కనిపించింది. పొరపాటున ఇంటికొచ్చిన స్టిక్కర్ల చీటీ హ్యాండుబ్యాగులో ఉంది. చేతికి అలవాటైన పని. ఆలోచన లేకుండా ఒక ఎర్రబాణం అంటించి, చొక్కా కుర్చీ మీద పడేసి, బస్సుకు పరిగెత్తింది. అంటించిన సంగతి కూడా ఆమెకు గుర్తులేదు.

అత్తగారు చూశారు. "ఇదేమిటమ్మా?" అని మనవరాలిని అడిగారు. పిల్లకేం తెలుసు? "తప్పున్న చోట అమ్మ అంటిస్తుంది నానమ్మా" అంది.

ఆవిడ సూదుల డబ్బా అలమర పైకెక్కించేశారు. తన పెద్దకూతురికి ఫోన్ చేసి, ఆదివారం మధ్యాహ్నం వచ్చి తనను తీసుకెళ్ళమన్నారు. ఎన్నాళ్ళకని ఆమె అడిగితే, ఇక అక్కడే ఉంటానన్నారు.

"అమ్మను ఏమైనా అన్నావా?" అని మొగుడు అడిగాడు.

"నేనేమంటాను? నోరే విప్పలేదు" అంది కోడలు. పాపం, అదీ నిజమే.

ఆదివారం పొద్దున కుర్చీ మీది చొక్కాను, దాని మీద బాణాన్ని చూసి కూతురు అసలు సంగతి చెప్పింది. కోడలికి తల కొట్టేసినట్టయింది. అయినా బింకం ఎక్కడికి పోతుంది? గుండీ తీసి సరిగ్గా కుట్టేస్తే గొడవ వదిలిపోతుందనుకుని కత్తెర తీసుకుంది.

గుండీ వస్తేనా! దారం కింద దారం, ముడి మీద ముడి. గుండీ కింద కాడలా చుట్టిన చుట్టు వేరే ఉంది. కత్తెర మొన దూరడానికే చోటు లేదు. పావుగంట పెనుగులాడితే గానీ అది ఊడలేదు. పిల్ల బడిలో పట్టుకు లాగించుకున్నా, గోడలెక్కి దూకినా ఒక్క గుండీ ఊడి రాలేదు. మొగుడు పైపుల మధ్య దూరి పని చేసే చొక్కాలూ అంతే. ఊడి ఉంటే ఆమె కంట పడేది. ఊడలేదు కనుక పన్నెండేళ్ళూ కనపడలేదు. తను ఎంత సుఖంగా బతికిందో ఆమెకు అప్పుడు తెలిసొచ్చింది. సిగ్గేసింది కూడా.

చొక్కా పట్టుకుని లోపలి గదిలోకి వెళ్ళింది. అత్తగారు బ్యాగులో చీరలు సర్దుకుంటున్నారు.

"అత్తయ్యా, చూసుకోకుండా అంటించాను. తప్పయిపోయింది."

"తప్పేముందమ్మా, అది వంకరగానే ఉందిగా."

"ఉంటే ఉండనివ్వండి. ఇది కోయడానికి నాకు పావుగంట పట్టింది. రోజుకు వందల చొక్కాలు చూస్తాను, ఇంత గట్టి కుట్టు ఎక్కడా చూడలేదు. ఇన్నేళ్ళు మీ చేతి కుట్టే వేసుకు తిరిగాం. ఒక్కసారి కూడా మీకు చెప్పలేదు."

అత్తగారు మంచం మీద కూర్చున్నారు. "ఇంట్లో అందరినీ ఏదో ఒకటి అంటావు. నన్ను మాత్రం ఏమీ అనవు. అంటే నా పని నీకు నచ్చిందనే అనుకున్నాను. అదే నాకు గొప్పగా ఉండేది."

కోడలు నోటితో అనాల్సిన మాటను ఈవిడ ఆ మౌనంలోంచి ఏరుకుని సంతోషపడిందన్నమాట. కోడలికి ఏడుపు ఆగలేదు. "మీరు వెళ్ళొద్దు అత్తయ్యా" అని మాత్రం అనగలిగింది.

"సరేలే, ఊరుకో. మీ వదినకు ఫోన్ చేసి రావొద్దని చెప్పు" అన్నారు అత్తగారు. అంతలోనే, "వద్దులే, రానీ. భోంచేసి వెళ్తుంది" అన్నారు. చీరలు బయటికి తీసి, చొక్కా ఒళ్ళోకి లాక్కుని, డబ్బా దించమన్నారు. దించాక కాస్త తటపటాయించారు.

"దారం ఎక్కించి పెడతావా? నాకు సూది బెజ్జం ఆనడం లేదు."

"మరి ఇన్నాళ్ళూ?"

"మనవరాలు ఎక్కించేది. నీకు చెప్పొద్దన్నాను. తెలిస్తే ఇక కుట్టనివ్వవేమోనని భయం."

కోడలు కళ్ళు తుడుచుకుని ఒక సూదికి దారం ఎక్కించి ఇచ్చింది. తర్వాత ఇంకోటి తీసింది. ఆ తర్వాత ఇంకోటి. డబ్బాలో ఉన్న పద్నాలుగు సూదులకూ దారాలు ఎక్కించి, వరసగా డబ్బాలోని చిన్న గుడ్డ దిండుకు గుచ్చింది.

"ఇన్ని ఎందుకమ్మా?" అన్నారు అత్తగారు.

"రేపట్నుంచి నేను డ్యూటీలో ఉంటాను కదా, అత్తయ్యా."