కంప్యూటర్‌లో కొనిపెట్టిన టీవీ

ఒకరికి టీవీ కొనిపెట్టి, దానితోనే వాళ్ల ఉద్యోగం ఊడగొట్టినవాణ్ణి ఈ జిల్లాలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఆ టీవీ నిజంగా ఉండి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నిజామాబాద్ కంఠేశ్వర్‌లో ఒక సోలార్ దుకాణంలో పనిచేసేవాణ్ణి. లాంతర్లు, నీళ్లు కాగే ట్యాంకులు అమ్మే దుకాణం. డిప్లొమా ఉన్నది నాకొక్కడికే కాబట్టి నన్ను ఇంజనీర్ అని పిలిచేవారు. మిగతా ఇద్దరికీ పని వచ్చు కాబట్టి వాళ్లను పేర్లతో పిలిచేవారు.

ప్లేట్లు తయారుచేసే కంపెనీవాళ్లు మా సేటుకు ఒక సీడీ ఇచ్చారు. అందులో సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ ఉంది. ఎన్ని సోలార్ ప్లేట్లు, ఎంత బ్యాటరీ, వాటి మీద ఏమేం నడపాలి అన్నవి నింపితే, ఏ నెలలో కరెంటు సరిపోతుందో, ఏ నెలలో చాలదో గీత గీసి చూపిస్తుంది. ఊరు ఏదని అడిగితే నిజామాబాద్ అని కొట్టాను. అలాంటి ఊరు లేదంది. బోధన్ అన్నాను. అదీ లేదంది. చివరికి హైదరాబాద్ ఎండతో సరిపెట్టుకున్నాను. నేను పుట్టిన ఊరే లేదన్న యంత్రాన్ని ఆ రోజే అనుమానించాల్సింది. నేనేమో దాని మీద భక్తి పెంచుకున్నాను.

మాకు వచ్చిన మొదటి పెద్ద పని వర్ని దారిలో, చెరకు తోటల మధ్య ఒక ఊళ్లో. అక్కడ ఒక ట్రస్టు నడిపే చిన్న దవాఖాన ఉండేది. డాక్టరు వారానికొకసారి వచ్చేవాడు. మిగతా రోజులన్నీ ఒక నర్సే చూసుకునేది. నలభై దాటిన మనిషి, ఊరంతా సిస్టరమ్మ అనేది. ఆమె ఫ్రిజ్‌లో టీటీ సూదులు, కుక్కకాటు మందు ఉండేవి. చక్కెర ఫ్యాక్టరీకి చెరకు తోలి తోలి చక్కెర జబ్బు ఇంటికి తెచ్చుకున్న ముగ్గురు రైతుల ఇన్సులిన్ కూడా అందులోనే ఉండేది. కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడొస్తుందో తెలియదు. అందుకని ట్రస్టువాళ్లు ఆ ఫ్రిజ్‌కు సోలార్ పెట్టించాలనుకున్నారు.

మార్చి నెలలో జాగా చూడడానికి వెళ్లాను. దవాఖానది పెంకుల కప్పు, ప్లేట్ల బరువు మోయదు. వెనక పెరట్లో, కంచె పక్కన, ఛాతీ ఎత్తున స్టాండు వేసి దక్షిణం వైపు తిప్పుదామనుకున్నాను. కంచె అవతల అప్పుడే చెరకు కొట్టి, ఆకు కాల్చిన నల్లటి నేల. కనుచూపు మేరలో అడ్డమన్నది లేదు.

సిస్టరమ్మ చాయ్ ఇచ్చి అడిగింది. "తమ్మీ, గిది నమ్మొచ్చునా? మందు ఖరాబైతే నా మెడకే సుట్టుకుంటది. గీ నౌకరి తప్ప నాకు ఇంకో దిక్కు లేదు."

"కంప్యూటర్ లెక్క అక్కా. తప్పు పోదు" అన్నాను, నేనే దాన్ని కనిపెట్టినట్టు.

దుకాణానికి వచ్చి వివరాలు నింపాను. నీడ పడే వస్తువులేమైనా ఉన్నాయా అని సాఫ్ట్‌వేర్ అడిగింది. గోడ, చెట్టు, స్తంభం అని మూడు గళ్లు. మూడింటిలోనూ లేవని కొట్టాను. గీత ఏడాది పొడుగునా ఆకుపచ్చగా వచ్చింది.

ప్లేట్లు బిగించాక దసరా దాకా ఆ గీత చెప్పినట్టే నడిచింది. తర్వాత ఫోన్లు మొదలయ్యాయి.

"తమ్మీ, బ్యాటరీ డబ్బా మీద ఎర్ర లైటే ఉంటున్నది. ఫ్రిజ్ నడుస్తలేదు."

"ఫ్యాన్ ఏమన్నా పెడుతున్నరా అక్కా దానికి?"

"లేదు."

"సెల్‌ఫోన్ ఛార్జింగు?"

"నాకు సెల్లు ఎక్కడిది? ఊరి ఫోను కాంచి చేస్తున్న."

"ఇస్త్రీపెట్టె?"

"నువ్వు కరెంటోనివా, పోలీసోనివా?" అన్నదామె. "నేను పొద్దుగాలొకసారి, మాపటికొకసారి లైటు రంగు, ఫ్రిజ్ సల్లదనం నోట్‌బుక్కుల రాస్తున్న. కావాలంటే సదువుత, రాసుకో."

ఆమె చదివింది, నేను రాసుకున్నాను. ఆ రోజు నేను ఎన్ని ప్రశ్నలు వేశానో! అన్నీ ఆమె గురించే. ప్లేట్ల మీద ఎండ పడుతున్నదా అన్న ఒక్కటి మాత్రం అడగలేదు. ఎండ సంగతి కంప్యూటర్ ముందే చెప్పేసింది కదా. బస్సెక్కితే పూట పని. కానీ పోకుండా తెలుసుకునేందుకే కదా సాఫ్ట్‌వేర్ అని సేటు అన్నాడు, నాకూ ఆ మాట నచ్చింది.

నాలుగు రోజులు దాని ముందు కూర్చున్నాను. హైదరాబాద్ ఎండను తగ్గించి చూశాను. బ్యాటరీని ముసలిదాన్ని చేశాను. వైరు పొడుగు పెంచాను. ప్లేట్ల మీద వేలు మందం దుమ్ము పోశాను. గీత ఏడాది పొడుగునా కాస్త కిందికి జరిగింది కానీ, దసరా తర్వాత విడిగా దిగలేదు. దిగదు కూడా, ఎందుకంటే అక్టోబరు, నవంబరుల్లో ఆకాశం తుడిచిపెట్టినట్టుంటుంది. సాఫ్ట్‌వేర్ గీత పైకి పోతుంటే సిస్టరమ్మ నోట్‌బుక్కు గీత కిందికి దిగుతోంది. ఇద్దరిలో ఎవరో ఒకరు తప్పు చెబుతున్నారు. ఆ ఇద్దరిలో మనిషి ఒక్కతే ఉంది కాబట్టి అనుమానం ఆమె మీదికి పోయింది.

అప్పుడు వాడకం పెంచి చూద్దామనుకున్నాను. ఒక బల్బు కలిపాను, చాలలేదు. ఫ్యాన్ కలిపితే ఎక్కువైంది. చిన్న బ్లాక్ అండ్ వైట్ టీవీ, సాయంత్రం నాలుగు గంటలు, దసరా నుంచి అని నింపాను. గీత మీద గీత పడింది. ఇంచుమించు పడింది. అక్కడక్కడా చిన్న తేడా ఉన్నా సంతోషంలో దాన్ని పట్టించుకోలేదు.

సేటును పిలిచి చూపించాను.

"టీవీనా?" అన్నాడు.

"టీవీ అంత వాడకం సేట్. టీవీయే అని కాదు."

"మరి ఏమైతది? మిక్సీ పెట్టి ఊరంతటికి పచ్చడి నూరుతదా? టీవీనే. రాయి."

'సుమారు ఒక టీవీకి సమానమైన అదనపు వాడకం ఉన్నట్టు తోస్తోంది, డిజైన్‌లో లోపం లేదు' అని రాసి సంతకం పెట్టాను. తప్పించుకోవడానికి సుమారు, సమానమైన, తోస్తోంది అని మూడు మాటలు జాగ్రత్తగా పొదిగాను. ఆ కాగితం ట్రస్టు కార్యదర్శిని చేరేసరికి మూడూ దారిలో రాలిపోయినట్టున్నాయి. టీవీ ఒక్కటే క్షేమంగా చేరింది.

కార్యదర్శి దవాఖానకు వచ్చి గదులన్నీ వెతికాడు. టీవీ దొరకలేదు. దొరకలేదు కాబట్టి దాచిందన్నారు. ఇన్సులిన్ మాత్రం పాడైన మాట నిజం. సిస్టరమ్మ సీరియళ్లు చూసుకుంటూ మా మందు ఖరాబ్ చేసిందని ఊళ్లో మాట పుట్టింది.

ఆమె చివరిసారి ఫోన్ చేసింది. "తమ్మీ, గా టీవీ యాడున్నదో నువ్వే జర వచ్చి సూపియ్యి. పదేండ్ల సంది గీ ఊళ్లె ఉంటున్న, ఒక్కసారన్న చూసుకుంట."

"రిపోర్టు సేటు చేతుల ఉన్నదక్కా" అన్నాను.

జనవరి మొదట్లో ఆమెను తీసేశారు. ఆ నెలలోనే కంచె అవతలి తోటకు, చెరకు కొట్టమని ఫ్యాక్టరీ నుంచి కటింగ్ ఆర్డర్ వచ్చింది. వారం తిరక్కుండా డబ్బా మీద పచ్చ లైటు వెలిగింది.

"సూసినవా ఇంజనీరూ? టీవీ పోయింది, కరెంటొచ్చింది" అన్నాడు సేటు.

చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ, నేనూ నమ్మాను. నాలో ఉన్న కాస్త అనుమానం కూడా ఆ పచ్చ లైటుతో తీరిపోయింది.

ఫిబ్రవరిలో బ్యాటరీ నీళ్లు చూడడానికి మొదటిసారి మళ్లీ ఆ పెరట్లోకి వెళ్లాను. నేను మార్చిలో చూసినట్టే నల్లటి నేల. కాకపోతే కంచెను ఆనుకుని ఉన్న గట్టు మీద నాలుగు గడలు కొట్టకుండా వదిలేశారు, నమలడానికి ఉంచుకున్నారేమో. పొద్దున పది గంటల ఎండ. ఆ నాలుగింటి నీడ నా ప్లేట్ల మీద నాలుగు నల్ల చారలుగా పడి ఉంది. దగ్గరికి పోయి ఒక గడ పక్కన నిలబడ్డాను. నాకు రెండింతలుంది.

నేను చెరకు ఇంట్లో పుట్టినవాణ్ణి. బాపు బండి తోలుతుంటే గడల మీద కూర్చుని ఫ్యాక్టరీ గేటు దాకా వెళ్లినవాణ్ణి. ఆ తోటల నీడలో పడుకుని నిద్రపోయినవాణ్ణి. అయినా నీడనిచ్చే వస్తువేదని యంత్రం అడిగినప్పుడు చెరకు గుర్తు రాలేదు. గోడ కాదు, చెట్టు కాదు, స్తంభం కాదు. అది పంట. మార్చిలో లేనిది నవంబరులో ఉంటుందని మా దగ్గర పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. డిప్లొమా లేకపోతే నాకూ తెలిసేదే.

దుకాణానికి వచ్చి, సిస్టరమ్మ టీవీ తీసేశాను. చెరకుకు గడి లేదు కాబట్టి కంచె స్థానంలో గోడ కట్టాను. అక్టోబరుకు పది అడుగులు, నవంబరు నుంచి పన్నెండు. గీత ఆమె నోట్‌బుక్కు మీద అంగుళం తేడా లేకుండా కూర్చుంది. టీవీ చెప్పలేకపోయిన చిన్న తేడాలు కూడా సర్దుకున్నాయి. ఆమె ఒక్క రోజు కూడా తప్పు రాయలేదు.

కాగితం తీసి సేటుకిచ్చాను. చదివి, కళ్లద్దాలు తీసి అడిగాడు.

"మొదటి కాయితం మీద దస్కతు ఎవలది?"

"నాదే సేట్."

"గీ రెండో దాని మీద?"

"ఇంకా పెట్టలే."

"పెట్టకు."

అంతటితో ఊరుకోలేదు, పనిమంతుడు. మరుసటి వారమే మనుషుల్ని పంపి స్టాండును పీకించి దవాఖాన ముందు, రోడ్డు వైపు వేయించాడు. కారణం అడిగినవాళ్లకు సర్వీసు అని చెప్పాడు.

కొన్నాళ్లకు సిస్టరమ్మ మా దుకాణానికి రెండు గల్లీల అవతల ఒక నర్సింగ్‌హోమ్‌లో సూదులు వేస్తున్నదని తెలిసింది. కాగితం పట్టుకుని వెళ్లాను. బల్ల మీద దూది ఉండలు చేస్తోంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"ఏం తమ్మీ, జ్వరమా?"

కాగితం ముందు పెట్టి, ఈ గీత నీ నోట్‌బుక్కుదక్కా, ఇది చెరకు నీడ అని మొత్తం చెప్పాను. ఆమె చేతులు తుడుచుకుని, గీత మీద వేలు పెట్టి అక్టోబరు నుంచి జనవరి దాకా మెల్లగా జరిపింది.

"ప్లేట్లను ముందటికి తెచ్చిండ్రట గద" అంది.

"అవునక్కా."

"ప్లేట్లను తెచ్చిండ్రు. నన్ను తేవాల్నని ఎవ్వరికి అనిపియ్యలే."

ఆమె కాగితం అడుగు చూసింది. "గా దాని మీద దస్కతు పెట్టినవు. దీని మీద లేదేంది?"

జేబులోంచి పెన్ను తీసి సంతకం పెట్టాను. ఆమె కాగితాన్ని తిరిగి నా వైపే తోసింది.

"నాకెందుకు? నాకు తెలుసు గద టీవీ లేదని. మా ఊళ్లె చెప్పాలె. నౌకరి పోతే పోయింది, ఊళ్లె కనబడితే గా ముగ్గురు షుగరోళ్లు నన్ను చూసి మొకం తిప్పుకుంటుండ్రు. నువ్వొచ్చి వాళ్ల ముందట ఒక్క మాట చెప్తవా?"

"ఆదివారం పోతానక్కా" అన్నాను. ఆమె మళ్లీ దూది ఉండల్లోకి వెళ్లింది.

ఆదివారం పోయాను, అబద్ధం కాదు. బోధన్ బస్‌స్టాండు దాకా పోయాను. చాయ్ తాగాను. ఆ ముగ్గురి ముందు ఎలా మొదలుపెట్టాలో మనసులో చెప్పుకుని చూశాను. సుమారు, సమానమైన, తోస్తోంది అన్న మాటలే మళ్లీ వచ్చాయి. వర్ని బస్సు కండక్టరు రెండుసార్లు పిలిచాడు. మూడోసారి పిలవలేదు. రోడ్డు అవతల ఆగిన నిజామాబాద్ బస్సెక్కి తిరిగి వచ్చేశాను.

ఆ కాగితం నా దగ్గరే ఉంది. గీత వెలిసిపోయింది. దస్కతు మాత్రం స్పష్టంగా కనిపిస్తోంది.